కునుకు పడని కుర్చీ

మా ముత్తాతకు తాత కర్నూలు నవాబుల కాలంలో గుర్రం మీద తిరిగిన మనిషి. ఆ గుర్రాన్ని నవాబుగారు బహూకరించారని మా ఇంట్లో అంటారు. దాని కోసం నవాబుగారి మనుషులు చాలా కాలం వెతికారని ఊళ్ళో అంటారు. రెండు కథల్లోనూ గుర్రం ఉంది కాబట్టి మాకు అభ్యంతరం లేదు. మా ముత్తాత చుట్టుపక్కల ఊళ్ళకు మునసబు. మా తాత గౌరవ మేజిస్ట్రేటు. గట్టు తగాదాతో ఇద్దరు వస్తే ఇద్దరికీ జరిమానా వేసి, గట్టును మాత్రం నిర్దోషిగా వదిలేసేవాడు. మా నాన్న సహకార సంఘానికి అధ్యక్షుడు, సంఘం బతికున్నంతకాలం. నేను జమ్మలమడుగు అవతల ఒక బండల ఫ్యాక్టరీలో, లారీలను తూకం వేసే కాటా దగ్గర, రాత్రి డ్యూటీ చేస్తాను. నా ఉద్యోగం పేరు కాటా గుమాస్తా. బంధువులు అడిగితే ఖనిజ రంగంలో ఉన్నానని చెబుతాను.

ఇన్ని తరాల్లో తండ్రి నుంచి కొడుక్కి చెక్కుచెదరకుండా వచ్చింది ఒక్కటే. ఏడాదికి ఒక రాత్రి అందరికంటే ముందు కూర్చుని, నిద్రపోకుండా ఉండే హక్కు.

మా ఊరు ఆలూరు దాటి లోపలికి పోతే వచ్చే మెట్ట ఊరు. అమ్మవారి జాతరలో ఊరి వాళ్ళే వేషాలు కట్టి పౌరాణిక నాటకం ఆడతారు. అన్నాలు తిన్నాక హార్మోనియం మోగితే, పొద్దు పొడిచాక మంగళం పాడేదాకా పద్యాలు ఆగవు. రంగస్థలం ముందు, జనానికి దూరంగా, ఒక కుర్చీ వేస్తారు. పెద్దింటి యజమాని అందులో కూర్చుని తల ఊపితేనే తెర లేస్తుంది. పెద్దిల్లంటే మాదే. అప్పటినుంచి మంగళం దాకా ఆయన వీపు కుర్చీకి ఆనకూడదు, రెప్ప మూతపడకూడదు. తెల్లవారాక రాజు వేషగాడు కిరీటంతోనే కిందికి దిగి, మొదటి తాంబూలం ఆయన చేతిలో పెడతాడు. కుర్చీలో మనిషి కునికితే ఆ ఏడు వాన రాదని నమ్మకం. మా ప్రాంతంలో కునికినా, కునక్కపోయినా వాన రాదు కాబట్టి, ఈ నమ్మకాన్ని తప్పని రుజువు చేయడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.

నిద్రను ఆపే విద్యలో మా వాళ్ళు తరతరాలుగా కృషి చేశారు. గుర్రం మనిషి నల్లమందు వేసుకునేవాడట. నల్లమందు నిద్ర తెప్పిస్తుంది కదా అని మీరు అడగవచ్చు. ఆయన కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాడు. కళ్ళు మూయకూడదన్నదే కదా నియమం. మునసబు గారిది నశ్యం. ఆయన తుమ్మినప్పుడల్లా రంగస్థలం మీద రాజు ఆగి, పద్యం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. మేజిస్ట్రేటు గారిది కాఫీ. ఇత్తడి చెంబు నిండా, పాలను దూరం నుంచి చూపించి తీసేసినంత నల్లటి కాఫీ. దానికి తోడు ఆయన వెనక విసనకర్రతో ఒక మనిషి నిలబడేవాడు. విసరడం అతని పనిలో సగం. తక్కిన సగం విసనకర్ర పిడితో ఆయన నడుములో పొడవడం. మా నాన్న కాలానికి విసనకర్ర వాళ్ళంతా గుంటూరు మిరపచేలకు వలసపోయారు. ఆయన సిగరెట్లు కాల్చి, కళ్ళ కింద తలనొప్పి బాము రాసుకుని, రాత్రంతా కన్నీళ్ళు కారుస్తూ చూసేవాడు. పెద్దింటాయనకు ఎంత రసహృదయమో అని ఊరు మెచ్చుకునేది. చివరి రోజుల్లో బాము కూడా పనిచేయక హాయిగా నిద్రపోయేవాడు. ఊరు చూసీ చూడనట్టు ఊరుకుంది. మా ఇంటి మీద గౌరవమనుకున్నాను. ఆయన పోయాక తెలిసింది, అది ఆయన మీద జాలి అని. జాలికి వారసత్వ హక్కు ఉండదు.

నాన్న పోయిన తరువాత వచ్చిన మొదటి జాతరకు ముందు ఊరి పెద్దలు రచ్చకట్ట మీద కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఈసారికి కుర్చీ పెద్దింటిదే. కానీ మంగళం పాడేలోగా నేను కునుకు తీస్తే, మరుసటేటి నుంచి దాన్ని వేలం వేస్తారు. వినాయకుడి లడ్డును వేస్తారే, అలాగ. నవాబుల నాటి గౌరవానికి లడ్డుతో సమానమైన హోదా కల్పించిన ఈ ఆలోచన, మా ఊరి భూములను సోలారు కంపెనీకి కుదిర్చిపెట్టే ఒక మధ్యవర్తిది. కబురు నాకు ఇతరుల ద్వారా తెలిస్తే బాగుండదని, పెద్ద మనసుతో ఆయనే ఫోను చేశాడు.

"రాత్రిళ్ళు పని చేసే మనిషివి, నీకు యాడ కుదురుతాదప్పా? నువ్వు ఊఁ అను, ఈ ఏడే వేలం పెట్టిస్తా. నువ్వు మర్యాదగా జనంలో కూర్చొని చూడొచ్చు, నిద్రొస్తే పండుకోనూ వచ్చు."

మా ఇంట్లో నిద్రపోయేవాళ్ళు పుట్టలేదని చెప్పి ఫోను పెట్టేశాను. చరిత్ర ప్రకారం అది నిజం కాదు. కానీ చరిత్రను ఫోనులో చెప్పలేం.

నిజానికి ఆయన అన్నదాంట్లో ఒక్కటి సరైనది. నాకు నిద్ర ఉన్న చోట ఉద్యోగం లేదు, ఉద్యోగం ఉన్న చోట నిద్ర లేదు. రాత్రంతా లారీలు తూగుతాయి. పగలు ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చిన రేకుల గదిలో పడుకోవాలి. గోడ అవతలే బండలు కోసే రంపాలు. కడప ఎండకు రేకు కాగి, రంపం కూత కాగిన రేకుకు తగిలి, అక్కడి నుంచి నేరుగా నా పుర్రెలోకి వచ్చేది. రంపం ఆగినప్పుడు ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చేది. ఇలా ఉంటుండగా జాతరకు సెలవు అడిగాను. నా బదులు కూర్చోవలసిన మనిషి అప్పుడే అత్తగారింటికి పోయాడు, జాతర నాటికి గానీ తిరిగి రాడు. సెలవు కావాలంటే ముందే అతని పగటి డ్యూటీలు కూడా నేనే చేసిపెట్టాలన్నారు. మా తాత జరిమానాలు వేసిన పద్ధతి ఇదే. అది ఎంత బాగుంటుందో అవతలి పక్క నుంచి చూసే అవకాశం నాకు దొరికింది.

రాత్రీ పగలూ కలిపి చేసిన ఆ రోజుల్లోనే మాత్రలతో నాకు పరిచయమైంది. కాటా అద్దం మీద తల ఆనించి నేను తూగుతుంటే, తూకానికి వచ్చిన ఒక తమిళ లారీ డ్రైవరు కాగితంలో చుట్టిన మాత్రలో సగం విరిచి నా ముందు పెట్టాడు. మా ఇంటి వాళ్ళు ఎవరి చేతిలోనుంచి పడితే వాళ్ళ చేతిలోనుంచి ఏదీ పుచ్చుకోరు. నేను మర్యాదగా వద్దని, అతను పోయాక వేసుకున్నాను.

ఆ మాత్ర పేరు రాయను. నిద్ర జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టర్లు రాసే మందట. జబ్బు లేనివాళ్ళు దాన్ని కనిపెట్టి సద్వినియోగం చేసుకుంటున్నారు. కాసేపటికి నా లోపల ఎవరో ట్యూబులైటు వేసినట్టయింది. అలసట పోలేదు. అలసిన మనిషి అలాగే ఉన్నాడు. వాడి పక్కన ఇంకొకడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు, వచ్చి కూర్చున్నాడు. వాడికి అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. లారీ నంబర్లు కవిత్వంలా ఉన్నాయి. కాటా గదిలో బల్లి నడక చూసి దానికి కుటుంబ గౌరవం ఉందనిపించింది. నోరు ఎండిపోయి, పళ్ళు వాటంతటవే నూరుకుంటున్నాయి, గుండె మాత్రం ఎవరో తలుపు తడుతున్నట్టు కొట్టుకుంటోంది. అయినా ఆ రాత్రి నాకు ఒక సంగతి తెలిసింది. నల్లమందు, నశ్యం, కాఫీ, బాము, ఇవన్నీ నా పూర్వీకులు చీకట్లో తడుముకున్న ప్రయోగాలు. వంశం ఇన్నాళ్ళు వెతికింది ఈ మాత్ర కోసమే.

జాతర రోజు బస్సులు మారుతూ ఆలూరు చేరాను. దారంతా కూర్చునే ఉన్నాను కానీ నిద్ర పట్టలేదు. లారీల వాళ్ళ దగ్గర అడిగి ముందు రోజు వేసుకున్న మాత్రకు ఇంకా పని మిగిలి ఉంది. అది కూడా దిగిపోతూండగా, బస్టాండు దగ్గరి మందుల అంగడికి పోయాను. ఆ అంగడి శెట్టిగారి తాతలు మా శనక్కాయలు కొనేవాళ్ళు. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆలూరులో నన్ను చూసి లేచేది ఇప్పుడు ఆయన ఒక్కడే. మాత్ర పేరు చెబితే డాక్టరు చీటీ ఉందా అని అడిగాడు. మా ఇంటిని చీటీ అడిగే రోజులు వచ్చాయా అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, ఒక అట్ట మొత్తం తీసి ఇచ్చాడు. చట్టం చేయలేని పనులు మొహమాటం చేస్తుంది, చట్టం ఆపాల్సిన పనులు కూడా అదే చేస్తుంది.

దీనివల్ల ఏమైనా ఇబ్బంది ఉంటుందా అని అడిగాను.

"పరీక్షలప్పుడు పిల్లోళ్ళు తీసకపోతారు, లారీలోళ్ళు తీసకపోతారు. బాగలేదని తిరిగొచ్చి చెప్పినోళ్ళు ఎవురూ లేరు సామీ."

తిరిగొచ్చి బాగుందని చెప్పినవాళ్ళు ఉన్నారా అని నేను అడగలేదు.

ఇంటికి చేరేసరికి నా భార్య వాకిట్లో ఉంది. ఆమె నాలుగు రోజుల ముందే వచ్చి ఇల్లు కడిగించింది. నా మొహం చూసి చేతిలో చెంబు కింద పెట్టింది.

"కండ్లు పండుమిరపకాయల మాదిరి ఉండాయి కదయ్యా. తెర లేసేదానికి ఇంగా శానా పొద్దుండాది. పోయి పండుకో, నేను లేపుతా."

నేను ఒప్పుకోలేదు. జాతర రోజు పెద్దింటాయన పట్టపగలు నిద్రపోతున్నాడన్న మాట గోడ దాటితే చాలు, రాత్రి సంగతి రాత్రి దాకా ఆగనక్కరలేదు. ఆమె మజ్జిగన్నం పెట్టింది. ఆకలి లేదంటే, అది కూడా నిద్రలాగే వద్దనుకున్నావా అని మాత్రం అడిగింది. పొద్దు వాలాక ఒక మాత్ర వేసుకున్నాను.

నాటకం దగ్గరికి పోయేసరికి మా కుర్చీ పక్కన ఎర్ర రెగ్జిను సోఫా వేసి ఉంది. దానికి ఇంకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. మధ్యవర్తి అందులో కూర్చుని, తన ముందు ఒక కూలరు పెట్టించుకున్నాడు. నన్ను చూసి ఎంతో ఆప్యాయంగా జరిగి, నీకు నిద్రొస్తే నేను లేపుతాలే అన్నాడు. ఆయన అభిమానులు కొందరు నా రెప్పలు చూడడానికి వీలుగా పక్కకు తిరిగి కూర్చున్నారు. ఆ రాత్రి నాటకం చూడ్డానికి వచ్చినవాళ్ళకంటే నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువని నాకు అర్థమైంది. నాన్న కూర్చున్నట్టే వీపు నిలబెట్టి కూర్చున్నాను. తల ఊపాను. మైకు సతాయించి తెర లేవడం ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో, మాత్ర ఇంకా ఎక్కలేదేమోనన్న అనుమానంతో, ఇంకొకటి వేసుకున్నాను.

రెండూ కలిసి ఎక్కాయి.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. పద్యం నచ్చితే జనంలో ఎవరైనా 'వన్స్‌మోర్' అని అరవచ్చు. వేషగాడికి ఓపిక ఉంటే మళ్ళీ పాడతాడు, లేకపోతే నవ్వి ఊరుకుంటాడు. కానీ ఆ మాట కుర్చీ నుంచి వస్తే అది కేక కాదు, ఆజ్ఞ. వేషగాడు పాడి తీరాలి. ఆజ్ఞ ఇచ్చినవాడు కూడా వెంటనే మైకులో ఒక బహుమానం చెప్పి తీరాలి, చెప్పింది ఇచ్చి తీరాలి. మా తాత జీవితంలో ఒక్కసారి ఆ మాట అన్నాడు. ఒక శాలువా ఇచ్చి, చనిపోయేదాకా దాని గురించే మాట్లాడాడు. మా నాన్న ఎప్పుడూ అనలేదు. మరీ నచ్చితే తలను కొంచెం పక్కకు తిప్పేవాడు. మెచ్చుకున్నాడని అనుకోవచ్చు, మెడ పట్టేసిందని కూడా అనుకోవచ్చు.

రాజు వేషం వేసింది ఆలూరుకూ మా ఊరికీ మధ్య ఆటో తోలే మనిషి. నేను అతని ఆటోలోనే ఊళ్ళోకి వచ్చాను. అలాంటివాడు మొదటి పద్యం ఎత్తుకున్నాడు. అంతే, నాకు ఒక్కొక్క అక్షరమూ వేరువేరుగా, కడిగి ఆరబెట్టినట్టు వినిపించింది. రాగం అతను తీసే ముందే ఎటు పోతుందో నాకు తెలిసిపోతోంది. ఇంత గొప్ప సంగతి జరుగుతుంటే జనం పల్లీలు ఒలుచుకుంటున్నారేమిటని కోపం వచ్చింది. ఆ కోపంలో, నా నోటి నుంచి, మా తాత గొంతుతో, ఆ మాట వచ్చింది.

పల్లీల చప్పుడు ఆగింది. ఆ నాటక బృందానికి హార్మోనియం వాయించే పెద్దాయనే గురువు. ఆయన వేళ్ళు ఎత్తి, కుర్చీ వైపు తిరిగి దణ్ణం పెట్టి, మైకు నా దగ్గరికి పంపించాడు. నా వేలి ఉంగరం తీసి ఇచ్చాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మందుగా వాడదగినవి. మాత్ర కంటే త్వరగా ఎక్కుతాయి.

అటుతరువాత నేను ఆగలేదు. రాజు పాడితే మళ్ళీ పాడమన్నాను. రాణి వేషం వేసిన మేస్త్రి పాడితే మళ్ళీ పాడమన్నాను. గంగాళం దాకా ఇంట్లో ఉన్న వస్తువులు త్వరగా అయిపోయాయి. అప్పుడు ఇంట్లో ఒకప్పుడు ఉన్న వస్తువులు ఇవ్వడం మొదలుపెట్టాను. రాణికి మా ముత్తవ్వ పల్లకి ఇచ్చాను. దాన్ని నా పెళ్ళి నాడు వంటచెరకు చాలకపోతే పొయ్యిలో పెట్టారు. హాస్యగాడికి మేజిస్ట్రేటు గారి తుపాకి ఇచ్చాను. అది ఆయన బతికుండగానే పోలీసుస్టేషనుకు పోయి అక్కడే స్థిరపడింది. నా లోపలి ఇస్త్రీ చొక్కా మనిషికి ఇవేవీ అడ్డుగా కనిపించలేదు. వాడి దృష్టిలో పెద్దింట్లో అన్నీ ఉన్నాయి. ఇంతటి నమ్మకం మా ఇంటి మీద మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ లేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి నా భార్య ఒక ముసలామెతో కబురు పంపింది. గంగాళం ఇచ్చినావంట, అది నా పుట్టింటిది, మీ వంశంలోది ఏమైనా ఉంటే ఇచ్చుకో అని. సమంజసమైన మాట. అందుకని రాజు తరువాతి పద్యానికి ఎద్దుల జత చెప్పాను. మా కొట్టంలో ఎద్దు ఉండి చాలా కాలమైంది. కొట్టం కూడా లేదు.

తూరుపు తెల్లబడేసరికి నాటకంలో ఇంకా సగం మిగిలి ఉంది. మధ్యవర్తి ప్లాస్టిక్ కవరుకు చెంప అతుక్కుపోయి, కూలరు గాలికి ముంగురులు ఎగురుతుండగా గాఢంగా నిద్రపోతున్నాడు. నా రెప్పలకు కాపలా వచ్చినవాళ్ళు అంతకుముందే రాలిపోయారు. గెలిచానని నాకు తెలుసు. కానీ గెలిచినవాడు ఊరుకోవాలన్న సంగతి చెప్పే భాగం నా బుర్రలో అప్పటికి పనిచేయడం లేదు. రాజు ఇంకో పద్యం పాడి, గుడ్డతో మొహం తుడుచుకుంటే రంగు కూడా వచ్చేసింది. నేను మళ్ళీ అన్నాను.

అతను కిరీటం తీసి చంకలో పెట్టుకుని రంగస్థలం అంచు దాకా వచ్చాడు.

"గొంతు పోతాండాది సామీ. పొద్దున ఆలూరు ట్రిప్పు ఉండాది. నువ్వు ఏమీ ఇయ్యకు, నేను ఏమీ పాడను. ఇంతటితో ఒగరినొగరు ఇడిసిపెడదాం."

రాజు ఇలా వేడుకోవడం కథలో లేదని నేను మందలించాను. హార్మోనియం పెద్దాయన ఇద్దరినీ చూసి, మధ్య రంగాలన్నీ వదిలేసి, మంగళం ఎత్తుకున్నాడు. యుద్ధం జరగలేదు, ఎవరూ చావలేదు, ఎవరికీ పట్టాభిషేకం కాలేదు, నేరుగా శుభం. జనం అప్పటికే చెంబులు పట్టుకుని చేలవైపు పోతున్నారు. రాజు దిగివచ్చి మొదటి తాంబూలం నా చేతిలో పెట్టాడు. నా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, వీపు నిలబడే ఉంది.

ఆ పగలంతా కూడా తెరుచుకునే ఉన్నాయి. పడుకుంటే గుండె చప్పుడు దిండులోనుంచి వినిపిస్తోంది. కళ్ళు మూస్తే రెప్పల లోపల పద్యాలు మొదటినుంచి వస్తున్నాయి. ఈ స్థితిలో ఉండగా బహుమానాల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు.

హాస్యగాడు అరుగు దిగువనే నిలబడి వినయంగా అడిగాడు. "తుపాకికి పోవాలంటే స్టేషన్ కాడ ఎవురి పేరు చెప్పాల సామీ? నీ పేరు చెప్తే ఇస్తారా, నన్నే లోపలేస్తారా?" వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. పల్లకి మేస్త్రి, పల్లకి వద్దులే సామీ, మా సందులో తిరగదు అన్నాడు. ఊరు పల్లకినీ తుపాకినీ నవ్వి వదిలేసింది. అప్పు వాళ్ళు తలుపు కొట్టినా అంత చిన్నతనం ఉండదు. కానీ ఎద్దులను నవ్వి వదలలేదు. ఎందుకంటే ఎద్దులు సంతలో దొరుకుతాయి.

సాయంత్రం మధ్యవర్తి వచ్చాడు. చెంప మీద సోఫా కవరు మడత ఇంకా ఉంది. అరుగు మీద నా పక్కన కూర్చుని, లోపలి నుంచి నా భార్య వింటోందని తెలిసి కూడా, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మాత్రలేసుకున్న సంగతి ఆలూరులో శెట్టి చెప్పినాడులేప్పా. తప్పేముండాది? రాత్రి మాట్లాడింది నువ్వు కాదు, మాత్ర. ఆ ఒక్క మాట రచ్చకట్ట కాడ చెప్పు. ఎద్దులూ వద్దు, ఏమీ వద్దు. ఊరంతా నీ పక్కే ఉంటాది."

మంచి సలహా. మా ఇంటికి ఇంతకంటే మంచి సలహా ఎవరూ ఇవ్వలేదు. కాకపోతే అందులో ఒక లెక్క ఉంది, అది ఎంత నిద్ర లేని బుర్రకైనా అందుతుంది. మాట్లాడింది మాత్ర అయితే, మేలుకున్నది కూడా మాత్రే. అప్పుడు కుర్చీలో కూర్చున్నది పెద్దిల్లు కాదు, మందుల అంగడి. ఆ మాట నా నోటితో నేను ఒప్పుకున్న మరుక్షణం వేలం పాట మొదలవుతుంది. ఎద్దుల ఖర్చు తప్పుతుంది, కుర్చీ పోతుంది. ఊరు నా పక్కనే ఉంటుంది, నా కుర్చీ పక్కన ఆ సోఫా ఉన్నట్టు.

"నిద్రపోనిదీ నేనే. ఎద్దులిస్తానన్నదీ నేనే" అన్నాను.

ఆయన లేచి దుమ్ము దులుపుకున్నాడు. నీ ఇష్టమప్పా అని, వెళుతూ వెళుతూ, ఏదైనా అమ్మే ఆలోచన ఉంటే ముందు నాకే చెప్పు అన్నాడు. వృత్తి మీద అంత భక్తి ఉన్న మనిషిని నేను గౌరవించకుండా ఉండలేను.

నా భార్య లోపలి నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. ఆమె తిడితే నాకు సులభంగా ఉండేది.

"మీ నాయన ఈ కుర్చీలోనే గురక పెట్టి నిద్రబోయినాడు" అంది. "ఊరు దుప్పటి కప్పింది. నువ్వు గూడా ఒక కునుకు తీసింటే ఏం పోతాండెనయ్యా?"

కుర్చీ పోతుండేది అన్నాను. ఆమె నా వైపు చూసి, నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రెండు చేతులతో పట్టుకుని తాగాను. అట్టలో మిగిలిన మాత్రలను ఆమె పొయ్యిలో వేసింది. అవి కాలుతున్న వాసన చూస్తూ, వీటిని ఎంత మొహమాటపడి ఇచ్చాడో ఆ శెట్టి అనుకున్నాను.

నిద్ర నాకు డ్యూటీకి తిరిగి పోయే బస్సులో వచ్చింది. అది కునుకు కాదు. ఎవరో సంచి మూతి కట్టేసినట్టు వచ్చింది. జమ్మలమడుగులో దిగాల్సినవాణ్ణి ప్రొద్దుటూరు డిపోలో కండక్టరు భుజం పట్టుకుని ఊపితే లేచాను. వీపు సీటుకు ఆని ఉంది, నోరు తెరుచుకుని ఉంది. ఆ ఊళ్ళో నా వంశం ఎవరికీ తెలియదు కాబట్టి పరవాలేదు. ఇప్పుడు కాటా దగ్గర నిద్ర వస్తే లేచి లారీల చుట్టూ తిరుగుతాను. తిరిగినా ఆగకపోతే టీ తాగుతాను. టీ తాగినా ఆగకపోతే కాసేపు నిద్రపోతాను. నాకు ఇక్కడ కాపాడుకోవలసిన కుర్చీ లేదు. ఉన్నది ఫ్యాక్టరీ వాళ్ళది, దానికి ఒక కాలు పొట్టి.

ఎమ్మిగనూరు సంతలో ఎద్దులను కొన్నాము. మంచి జత, తెల్లవి, కొమ్ములకు రంగు వేయించి డప్పులతో రాజు ఇంటి ముందు కట్టించాను. ఆటో తోలేవాడికి వాటిని కట్టేసే చోటు లేదు, మేపే గడ్డి లేదు. తరువాతి సంతలోనే అమ్మి ఆటోకు కొత్త సీట్లూ, పాటల డబ్బా పెట్టించాడు. నేను ఊరికి పోతే ఆ సీట్లోనే కూర్చోబెట్టుకుని తీసుకుపోతాడు, పద్యం పాడమని మాత్రం అడగొద్దంటాడు. కుర్చీ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది మాదే.

ఎద్దుల కోసం వాగు గట్టున మాకు మిగిలిన నల్లరేగడి చేను అమ్మాము.